ముప్ఫై దాటాక స్నేహితులు

(హైదరాబాద్‌లో ఒక కాలనీ గ్రంథాలయం ఏర్పాటు చేసిన శనివారం సాయంత్రపు సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో శ్రోతల ప్రశ్నలు రెండు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందుగా చిన్న విన్నపం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ ఖాళీ వదిలి కూర్చున్నారు. కొందరు ఆ కుర్చీలో సంచి కూడా పెట్టారు. దయచేసి సంచి ఒళ్ళో పెట్టుకుని పక్కకు జరగండి. (నవ్వులు) ఈరోజు నేను చెప్పబోయే దాంట్లో సగం ఇదే. తొందర పని ఉన్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళినా పెద్దగా నష్టపోరు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. బ్యాంకు ఉద్యోగమంటే మూడేళ్ళకోసారి సామాను సర్దుకోవడం. ఆదిలాబాద్ వైపూ ఉన్నాను, నెల్లూరు వైపూ ఉన్నాను. కొత్త ఊళ్ళో మొదటి నెలలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. కౌంటర్ దగ్గర పొద్దున్నుంచి వందమందితో మాట్లాడతాం, ఆదివారం మధ్యాహ్నం ఊరికే ఫోన్ చేయడానికి మాత్రం ఒక్కరుండరు. ఒంటరితనం గుండెకు ఎంత చెరుపో, ఆయుష్షును ఎంత తగ్గిస్తుందో చెప్పే వ్యాసాలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. వాటితో మిమ్మల్ని భయపెట్టను. భయం వల్ల ఎవరికీ స్నేహం కుదరగా నేను చూడలేదు.

చిన్నప్పుడు స్నేహం కోసం మనం ఏం చేశాం? ఏమీ చేయలేదు. ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు, ఒకే హాస్టల్ గదిలో పడేశారు. గొప్పతనం మనది కాదు, ఆ బెంచీది. అమెరికాలో ముగ్గురు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్, 1950లో ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడి ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో చదువుకునే పెళ్ళయిన విద్యార్థుల కోసం కట్టిన ఇళ్ళకు వెళ్ళి, మీ స్నేహితులెవరని అడిగారు. ఒకే అంతస్తులో పక్క ఇంటివాళ్ళ పేరు చెప్పినవాళ్ళు 41 శాతం. అదే వసారాకు అటు చివరనున్న ఇంటి పేరు చెప్పినవాళ్ళు 10 శాతం. అటు చివర అంటే ఎంత దూరమనుకున్నారు? మధ్యలో మూడు తలుపులు. కింది అంతస్తులో మెట్ల పక్కన ఇల్లు దొరికినవాళ్ళకు పై అంతస్తులోనూ ఎక్కువమంది స్నేహితులున్నారు. అభిరుచులు కలిశాయా, ఆలోచనలు కలిశాయా అన్నది తర్వాతి సంగతి. ముందు కాళ్ళు ఒకే మెట్ల మీద పడ్డాయి.

మన అపార్ట్‌మెంట్లలో మెట్లు ఎవరెక్కుతున్నారు? లిఫ్ట్‌లోకి వెళ్ళి అంకెల వంక చూస్తూ నిలబడతాం. కాబట్టి పెద్దవాళ్ళు ఆ మెట్లను తామే కట్టుకోవాలి. సభలు, నడకలు, వనభోజనాలు, నాటకాలు, పుస్తక చర్చలు, ఇవన్నీ నా దృష్టిలో అలాంటి మెట్లే. అయితే అన్నీ ఒకేలా పనిచేయవు. ఏది పనిచేస్తుంది, ఏది పనిచేయదు అన్నదే నేను చెప్పదలచింది.

ఇక్కడ బ్యాంకు బుద్ధి పోనిచ్చుకోకుండా ఒక లెక్క చెబుతాను. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ఒక అంచనా వేశాడు. కొత్త ఊరికి మారి ఆరు నెలలు దాటని పెద్దవాళ్ళనూ, కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలనూ అడిగి తెలుసుకున్నాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, స్నేహం అని ధైర్యంగా చెప్పుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 గంటలు దాటి. ఉద్యోగంలో పక్కపక్కన కూర్చున్న గంటలకు ఈ లెక్కలో బలం తక్కువ. తీరికగా కలిసి గడిపిన గంటలే గట్టివి. అంకెలను రాసిపెట్టుకుని గడియారం చూడకండి, అది అంచనా మాత్రమే. కానీ దాని మీద కూడికలు వేసి చూడండి. నెలకోసారి రెండు గంటల సాహిత్య సభకు వెళ్తే ఏడాదికి 24 గంటలు. మామూలు స్నేహానికే రెండేళ్ళు దాటుతుంది. అదీ, ఆ రెండు గంటలూ మీరు మాట్లాడుకుంటే! సభలో మాట్లాడేది వేదిక మీదివాళ్ళు కదా. వారానికోసారి మూడు గంటల నడకకు వెళ్తే అదే 50 గంటలు నాలుగు నెలల్లో పూర్తవుతాయి.

అందుకే ‘చాలా కార్యక్రమాలకు వెళ్తున్నానండీ, ఒక్కరూ దగ్గర కాలేదు’ అనే యువతీయువకులతో నేనొకటే అంటాను. చాలావాటికి వెళ్ళడమే చిక్కు. ఈ వారం కచేరీ, వచ్చే వారం హాస్య ప్రదర్శన, ఆపై వారం కుండల తయారీ నేర్పే శిబిరం. ప్రతిసారీ కొత్త మొహాలు, ప్రతిసారీ మళ్ళీ ‘మీ పేరు?’ దగ్గరే మొదలు. నుమాయిష్ చూడండి. 1938లో మొదలైన ప్రదర్శన, ఏటా జనవరి ఒకటి నుంచి నాంపల్లిలో నెలన్నర పాటు జనసముద్రం. నాకు ప్రాణం ఆ నుమాయిష్ అంటే. కానీ అక్కడికి ఎవరితో వెళ్తామో వాళ్ళతోనే తిరిగొస్తాం. తప్పిపోతే మైకులో పిలుస్తారు కూడా. (నవ్వులు) ఉన్న స్నేహాన్ని ఊరేగించుకోవడానికి అది మంచి చోటు, కొత్తది వెతుక్కోవడానికి కాదు.

మరి ఎక్కడ? ఈ ఊళ్ళో నాకు తెలిసిన మంచి ఉదాహరణ రాళ్ళ దగ్గర ఉంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న బండరాళ్ళకు దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసు. వాటిని పగలగొట్టి కాలనీలు కడుతుంటే చూడలేక 1996లో కొందరు ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అని సంఘం పెట్టుకున్నారు. జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ళ మధ్య నడిపిస్తారు. అలాంటి నడకలో ఒక సౌకర్యముంది. ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు, ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన ఇబ్బంది లేదు. మాట దొరక్కపోతే రాయి ఉంది. ఎక్కలేని చోట చెయ్యి అందిస్తారు. పేరు తెలియకముందే చెయ్యి పట్టుకునే సందర్భం మన పెద్దరికపు జీవితాల్లో ఇంకెక్కడ వస్తుంది?

ఇంకొకటి బంజారాహిల్స్‌లోని లామకాన్. 2010లో తెరిచారు. ఒక కుటుంబం తమ పాత ఇంటిని కళలకూ చర్చలకూ ఇచ్చేసింది. నాటకమో గజలో వాదోపవాదమో ఏదో ఒకటి ఉంటుంది, చాలావరకు టిక్కెట్టు లేకుండా. కానీ దాని అసలు బలం వేదిక కాదు, ఆరుబయట ఉన్న బల్లలూ, తక్కువ ధరకు దొరికే చాయ్, సమోసా. కార్యక్రమం అయిపోయాక ఎవరూ మిమ్మల్ని గేటు బయటికి తోయరు. రవీంద్రభారతిని తీసుకోండి. 1961లో ప్రారంభమైన గొప్ప మందిరం, నేను అక్కడ చూసిన సురభి నాటకాలను చచ్చేదాకా మరచిపోను. అయినా చివర జనగణమన అయిన కొద్ది నిమిషాలకు ఆ ప్రాంగణంలో ఎవరుంటారు? స్కూటరు తాళం చేతిలో పట్టుకునే పాడతాం. ఆ మందిరం తప్పేమీ కాదది. హాలు అద్దె గంటల లెక్కన, చివరి మెట్రో టైము నిమిషాల లెక్కన నడుస్తాయి.

ఇక మన శాలువాల సభలు. ఇక్కడ నిర్వాహకులున్నారు కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాలి. (నవ్వులు) ముఖ్య అతిథి ముప్పావుగంట ఆలస్యం. వేదిక మీద పదకొండుమంది, కింద ముప్ఫైమంది. సభాధ్యక్షులు ‘రెండు మాటలు’ అని ఇరవై నిమిషాలు. కింద కూర్చున్న ముప్ఫైమందీ ఒకే రచయితను ఇష్టపడి వచ్చారు, వాళ్ళకన్నా బాగా కలిసేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ ఉండరు. కానీ ఒకరి పేరు ఒకరికి తెలియకుండానే ఇళ్ళకు వెళ్ళిపోతారు. నా సూచన చిన్నది. టీ చివర్లో ఇవ్వకండి, మొదట్లో ఇవ్వండి. సభ ఐదున్నరకైతే ఐదుకు టీ అని కరపత్రంలో వేయండి. చివర్లో అందరికీ బస్సు తొందర, ముందు మాత్రం ముఖ్య అతిథి ఎలాగూ రాడు, ఆ సమయం మనదే. మా చిన్న బృందంలో ఇది మొదలుపెట్టాక సభ కన్నా టీకి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నాకు అభ్యంతరం లేదు.

ప్రేక్షకులుగా మాత్రమే వెళ్ళేవాళ్ళకు ఇంకొక మాట. ఏదైనా పని అడిగి తీసుకోండి. కుర్చీలు వేయడం, రిజిస్టరులో పేర్లు రాయించడం, పుస్తకాల బల్ల దగ్గర కూర్చోవడం. వినాయక చవితి పందిళ్ళు చూడండి. చందాలకు తిరిగినవాళ్ళు, రాత్రిళ్ళు పందిట్లో కాపలా పడుకున్నవాళ్ళు, నిమజ్జనం లారీ మాట్లాడినవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఒకరి ఇంట్లో పెళ్ళికి ఇంకొకరు వంటలు అజమాయిషీ చేస్తారు. దండం పెట్టుకుని ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళకు పుణ్యం వచ్చింది, అంతే. బిడియస్తులకు పని ఇంకా మేలు. చేతిలో రిజిస్టరు ఉంటే ఎవరినైనా పేరు అడగవచ్చు, ఎందుకడిగారని ఎవరూ అనరు.

ఇప్పుడు కొంచెం చేదు సంగతి. కార్తీక మాసం వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద ఊరివాళ్ళంతా కలిసి తినడం, ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరు కనిపెట్టగలరు? తోటకు వెళ్ళడం, పొయ్యి వెలిగించడం, వడ్డించుకోవడం, మధ్యాహ్నం నీడన కూర్చోవడం. ఇందాక చెప్పిన గంటల్లో ఆరేడు ఒక్క రోజులోనే దొరుకుతాయి. దాన్ని మనం ఏం చేశాం? నవంబర్ ఆదివారాల్లో గోడల మీద పోస్టర్లు చూడండి. ఫలానా కుల సంక్షేమ సంఘం కార్తీక వన సమారాధన. బస్సులు, షామియానాలు, ఎమ్మెల్యే గారి ప్రసంగం. చెట్టు కింద అందరూ కూర్చోవాలన్నది పోయి, చెట్టుకొక కులం కూర్చుంటోంది. అక్కడ పరిచయాలు కలగవని అనను, సంబంధాలు కూడా కుదురుతాయి. కానీ పుట్టుకతో ఇచ్చిన వలయం దాటి ఒక మనిషిని మనంతట మనం ఎంచుకోవడానికే కదా పెద్దయ్యాక స్నేహం కావాలనుకునేది. బంధువుల లోటు మనకెప్పుడుంది?

(శ్రోతల్లోంచి ఒకరు: అందరూ అలా లేరండీ.)

నిజమే బాబూ, అందరూ లేరు. కానీ పోస్టరు అక్కర్లేకుండా కూడా ఇది జరుగుతుంది. కొత్తవాళ్ళు కనిపించగానే మన ప్రశ్నల వరస గమనించండి. పేరేమిటి? ఇంటిపేరు? ఏ ఊరు? ఆ ఊళ్ళో ఏ వీధి? ఫలానావారు మీకేమవుతారు? నాలుగో ప్రశ్నకు కావలసింది తెలిసిపోతుంది. అడిగేవాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కారు, అలవాటు. కానీ జవాబు చెప్పేవాళ్ళలో కొందరికి ఆ వరస ఎటు వెళ్తోందో మొదటి ప్రశ్నకే తెలుసు. వాళ్ళు రెండోసారి రారు. మా బృందంలో అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. మొదటి కొన్ని కలయికల్లో ఇంటిపేరు, సొంతూరు, ఉద్యోగం అడగకూడదు. మొదట్లో అందరికీ నాలుక కట్టేసినట్టయింది. ఇంక అడగడానికి ఏముంది అన్నారు! తర్వాత ఒకాయన ‘మీకు ఈత వచ్చా?’ అని అడిగాడు. దానిమీద గంటసేపు గోదావరి, మూసీ, బావులు, మునిగిపోబోయి బతికిన కథలు వచ్చాయి.

మా వనభోజనానికి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు వెళ్తాం, రైల్లో. కార్లు వద్దని గట్టిగా చెబుతాను. నాలుగు కార్లలో వెళ్తే నాలుగు గుంపులుగా దిగుతాం, అక్కడ కూడా నాలుగు గుంపులుగానే తింటాం. రైల్లో సీటు దొరికిన చోట కూర్చోవాలి. ఎవరి వంట వాళ్ళు తెస్తారు. పులిహోర మాత్రం ప్రతి ఏడూ ముగ్గురు తెస్తారు, ఎంత చెప్పినా వినరు. వంట రాని ఒంటరి కుర్రవాళ్ళు విస్తళ్ళూ అరటిపళ్ళూ తెస్తారు. విస్తళ్ళు తెచ్చినవాడే అందరికీ పంచాలి కాబట్టి అందరికీ వాడే ముందు తెలుస్తాడు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ఆదివారం ఉదయం ఆరింటికి నడక అని ఎవరో నిర్ణయిస్తారు. ఎవరా ఎవరో? ఇంట్లో ఆదివారం టిఫిను తను చేయనివారు. (నవ్వులు, చప్పట్లు) పిల్లలు ఇంట్లో ఉండేది, చుట్టాలొచ్చేది, మాంసం వండేది ఆదివారమే. వంటింట్లో ఆ రోజు పని రెట్టింపు. అందుకే మేము శనివారం నాలుగింటికి మార్చాం, చీకటి పడేలోపు ఇళ్ళకు చేరేలా. ఆడవాళ్ళు రావడం మొదలైంది. ‘మన ఆడవాళ్ళకు ఆసక్తి లేదండీ’ అనే నిర్వాహకులు ఒకసారి గడియారం మార్చి చూడండి.

నిజానికి ఆడవాళ్ళ దగ్గర ఇంతకన్నా పాత ఏర్పాటొకటి ఉంది. తెలంగాణలో బతుకమ్మ. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, అదే వాకిలి, అదే మనుషులు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు తొమ్మిదో రోజుకు వీధిలో అందరూ తెలుస్తారు. గుండ్రంగా తిరిగి పాడటం కన్నా, మధ్యాహ్నం కూర్చుని తంగేడు, గునుగు పూలు పేర్చడంలో ఉంది కిటుకు. చేతులు పనిలో ఉంటే నోరు తేలికగా విచ్చుకుంటుంది. ఇప్పుడు మన గేటెడ్ కాలనీల్లో పేర్చిన బతుకమ్మను కొనుక్కొస్తున్నారు. పాటకు బదులు డీజే. ఆ శబ్దంలో పక్కమనిషి పేరు అడిగినా వినపడదు. చప్పట్ల చప్పుడు మీద మాట వినపడేది, అందుకే కొత్త కోడలికి చుట్టాలు దొరికేవారు. శబ్ద కాలుష్యం అని చెవుల గురించి మాట్లాడతాం గానీ, అది తినేసిన పరిచయాల లెక్క ఎవరూ తీయరు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ విషయంలో కొంత నయం, అవసరం నేర్పింది. డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998 నుంచి పుస్తకాలు చదివి చర్చిస్తోంది. డాలస్ ప్రాంతంలో టాంటెక్స్ అనే తెలుగు సంఘం వారి ‘నెలనెలా తెలుగు వెన్నెల’ పేరులోనే గడువు పెట్టుకుంది. ఈసారి కుదరకపోతే వచ్చే నెల ఉందని తెలియడం చిన్న విషయం కాదు. పెద్ద పెద్ద మహాసభల కన్నా అలాంటి చిన్న కూడికల మీదే నాకు నమ్మకం.

సరే, వెళ్ళారు, నలుగురితో మాట్లాడారు, ఇంటికొచ్చారు. రాత్రి పడుకోబోయే ముందు ఏమనిపిస్తుంది? ‘ఎక్కువ వాగానేమో. ఆవిడకు నేను నచ్చలేదేమో.’ ఎరికా బూత్‌బీ, మరికొందరు 2018లో దీన్నే పరీక్షించారు. కొత్తవాళ్ళిద్దరిని మాట్లాడుకోనిచ్చి, తర్వాత విడివిడిగా అడిగారు. ఎదుటివారికి తాము ఎంత నచ్చామో జనం సాధారణంగా తక్కువ అంచనా వేసుకుంటారని తేలింది. అంటే మీరు ఇలా మథనపడుతున్న సమయానికి ఆవిడ కూడా తన ఇంట్లో అదే మథనపడుతూ ఉంటుంది. ఇద్దరూ మొహమాటంతో మళ్ళీ పలకరించుకోరు. ఒకరెవరో తెగించి, ‘వచ్చే వారం నేను మీ దారిలోనే వస్తాను, గేటు దగ్గర నిలబడండి’ అనాలి.

వాట్సాప్ గ్రూపు పెట్టుకుని పని అయిపోయిందనుకోకండి. గులాబీ పువ్వుల శుభోదయాలతో ఎవరూ ఎవరికీ దగ్గర కారు. దానికన్నా, రెండు వారాలుగా రానివాళ్ళకు ఫోన్ చేయండి. ‘రాలేదేం?’ అని ఒక్క మాట. తను రాకపోతే ఎవరైనా గమనిస్తారని తెలిసిన చోటికి మనిషి మళ్ళీ వస్తాడు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలాంటి ప్రతి బృందంలోకీ కొన్నాళ్ళకు ఒకరు వస్తారు. మహా కలుపుగోలు. మూడో వారానికి అందరి నంబర్లూ తీసుకుంటారు, నాలుగో వారానికి శివార్లలో ఓపెన్ ప్లాట్ల కరపత్రం తీస్తారు. లేదా బీమా, లేదా గొలుసుకట్టు వ్యాపారం. (నవ్వులు) మొహమాటపడకుండా ఆ రోజే చెప్పేయాలి, ఇక్కడ అమ్మకాలు లేవని. లేకపోతే వాళ్ళు ఉంటారు, మిగిలినవాళ్ళు వెళ్ళిపోతారు. ఇక ఒంటరిగా వచ్చే అమ్మాయిలకు, కొంతకాలం దాకా బృందం కలిసే చోటే కలవండి, ఇంటి చిరునామా ఇవ్వడానికి తొందరేమీ లేదు.

నేను చెప్పవలసింది అయింది. ప్రశ్నలుంటే అడగండి.

ఒక శ్రోత: మా నాన్నగారికి డెబ్భై రెండు. మా అమ్మ పోయాక ఊరి నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. పార్కుకు వెళ్ళమంటే వెళ్ళరు.

పార్కుకు వెళ్ళి ఆయన ఏం చేయాలి బాబూ? నడవమంటే మందు తాగమన్నట్టు వినిపిస్తుంది. ఊళ్ళో ఆయన ఏం చేసేవారు?

శ్రోత: వ్యవసాయం. పద్యాలు బాగా పాడతారు, నాటకాల్లో వేసేవారు.

మరింకేం! ఈ గ్రంథాలయంలోనే నెల చివర్లో పద్యాలు పాడుకునే వాళ్ళున్నారు. ఆయన్ని వినడానికి రమ్మనకండి, హార్మోనియం వాయించేవారికి శ్రుతి చెప్పేవాళ్ళు కావాలని పిలవండి. మొదటి రెండు మూడుసార్లు మీరే తీసుకొచ్చి, పక్కన కూర్చోకుండా బయట తిరిగి రండి. కొడుకు పక్కనుంటే పెద్దాయన ఎవరితోనూ మాట్లాడరు.

ఇంకొక శ్రోత: మేడమ్, నేను ఇక్కడికి కొత్త. ఒక పుస్తక చర్చకు వరసగా వెళ్తున్నాను. పాతవాళ్ళంతా వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు. నన్నెవరూ పలకరించరు.

ఇంకో రెండుసార్లు వెళ్ళమ్మా. కాకపోతే ఇరవై నిమిషాలు ముందు వెళ్ళు. ఆ సమయానికి నిర్వాహకులొక్కరే ఉంటారు, కుర్చీలు మోస్తూ. నువ్వూ రెండు మోసి, వచ్చే నెల నాకేదైనా పని చెప్పండని అడుగు. చెబితే నీ చోటు దొరికినట్టే. అప్పటికీ ‘అక్కర్లేదమ్మా, నువ్వు కూర్చో’ అన్నారంటే వాళ్ళకు ఉన్నవాళ్ళు సరిపోయారన్నమాట. అప్పుడు మొహమాటం లేకుండా మానేసి ఇంకొక బృందం వెతుక్కో. ఈ ఊళ్ళో వాటికి కొదవ లేదు. మా శనివారం నడకకు రావాలనుకుంటే, బయట బల్ల మీద రిజిస్టరు ఉంది. ఫోన్ నంబరు ఉన్న పేజీ నలిగిపోయింది, దాన్ని తిరిగి రాసేవాళ్ళు కూడా కావాలి.